అండర్-14లో ఇదే ఆఖరి ఏడాది, అండర్-17 ట్రయల్స్‌కి పంపాలా?

హబ్సిగూడ_అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. మార్చిలో పదమూడు నిండాయి. ఐదో తరగతి నుంచీ స్కూల్లో బాస్కెట్‌బాల్ ఆడుతోంది, పోయిన ఏడాది అండర్-14 జట్టులో పాయింట్ గార్డ్, అంటే బాల్ ముందుకి తీసుకెళ్లి ఆట నడిపించే అమ్మాయి. ఈసారి కెప్టెన్ తనే అని పిల్లలందరూ అనుకుంటున్నారు. ఇంతలో మొన్న కోచ్ సార్ ఫోన్ చేసి, "వచ్చే శనివారం అండర్-17 ట్రయల్స్ పెడుతున్నాం, మీ పాపని కూడా పంపండి మేడమ్" అన్నారు. ఒక ఏడాదిలో ఒక పిల్ల పేరు ఒక్క గ్రూపులోనే పంపుతారట. అంటే పైకి వెళ్తే అండర్-14 వదులుకోవాలి.

నా టెన్షన్ ఏమిటంటే, తను నాలుగు అడుగుల పది అంగుళాలే. ఆ జట్టులో తొమ్మిది, పదో తరగతి అమ్మాయిలు తనకంటే తలా భుజాలంత ఎత్తు. అండర్-17 వాళ్లకి ప్రాక్టీస్ తెల్లవారుజామున 5:30కి సికింద్రాబాద్ వైపు గ్రౌండ్‌లో. మెట్రో మొదలయ్యేదే 6 గంటలకి. మావారికి షిఫ్ట్ డ్యూటీ, అన్ని రోజులూ దింపలేరు. పాపని అడిగితే "నీ ఇష్టం అమ్మా" అంటోంది. అది నిజంగా నా ఇష్టానికి వదిలేయడమా, లోపల భయమా అర్థం కావడం లేదు. పంపాలా, ఆపాలా?

పాత_పాయింట్‌గార్డ్:
మేడమ్, ముందు రెండు విషయాలు విడదీసి చూడండి. ట్రయల్స్‌కి వెళ్లడం వేరు, జట్టులో చేరడం వేరు. శనివారం పొద్దున రెండు గంటలు పెద్దపిల్లలతో ఆడి వస్తే పోయేదేమీ లేదు. అసలు నిర్ణయం ఆ తర్వాత.

చేరాలా వద్దా అన్న దగ్గర నేనైతే ఒక్కటే చూస్తాను: మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడిస్తారు? జట్టులో 12 మంది ఉంటారు. ఆట నాలుగు క్వార్టర్లు, క్వార్టర్‌కి 10 నిమిషాలు. గట్టి పోటీ ఉన్న మ్యాచ్‌లో ఏ కోచ్ అయినా ఏడుగురినో ఎనిమిది మందినో తిప్పుతాడు. మిగిలిన వాళ్లు స్కోరు తేలిపోయాక చివరి రెండు నిమిషాలు దిగుతారు. పదమూడేళ్ల పాయింట్ గార్డ్‌కి బాల్ చేతిలో ఉండాలి, తప్పులు చేయాలి, ఆ తప్పుని మళ్లీ బాల్ చేతికొచ్చినప్పుడు దిద్దుకోవాలి. బెంచ్ మీద కూర్చుని చూస్తే అది రాదు. కోచ్‌ని మొహమాటం లేకుండా అడగండి, "మా పాప మీకు ఎన్నో గార్డ్ సార్?" అని. రెండోదైతే ఆలోచించొచ్చు. నాలుగోదైతే నేను పంపను.

గల్లీ_బాలర్:
పంపండి ఆంటీ, ఆలోచించకండి! ఎత్తు గురించి అస్సలు టెన్షన్ వద్దు. మగ్సీ బోగ్స్ 5 అడుగుల 3 అంగుళాలు, ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) 14 సీజన్లు ఆడాడు.

పాత_పాయింట్‌గార్డ్:
తమ్ముడూ, బోగ్స్ సంగతి నిజమే. కానీ ఎన్‌బీఏ చరిత్ర మొత్తంలో అంత పొట్టివాడు ఆయన ఒక్కడే. ఆయన నిలబడింది బాల్ ఎవరికీ చిక్కనివ్వనందుకు, ఎదుటివాళ్ల బాల్ లాగేసుకున్నందుకు. పాపని పోల్చాల్సింది ఎత్తులో కాదు, బాల్ హ్యాండ్లింగ్‌లో. ఎడమ చేత్తో తల ఎత్తి డ్రిబుల్ చేస్తుందా మేడమ్?

హబ్సిగూడ_అమ్మ:
చేస్తుంది. మేడ మీద రోజూ అదే పని, కింద అద్దెకున్నవాళ్లు గోల పెట్టేదాకా.

రిటైర్డ్_పీఈటీ:
అమ్మా, ముప్పై ఏళ్లు ప్రభుత్వ, ప్రైవేటు స్కూళ్లలో పిల్లల్ని సెలెక్షన్లకి తీసుకెళ్లినవాణ్ణి. నా మాట కాస్త వేరుగా ఉంటుంది.

స్కూల్ గేమ్స్‌లో వయసు లెక్క డిసెంబర్ 31కి చూస్తారు. ఆ రోజుకి 14 నిండకూడదు. మీ అమ్మాయికి మార్చిలో 13 నిండాయంటే అండర్-14లో ఇదే ఆఖరి ఛాన్స్. అదే అండర్-17 అయితే వచ్చే ఏడాది నుంచి మూడేళ్లు తన చేతిలో ఉంది. మూడేళ్లు ఉన్నదాని కోసం ఒక్క ఏడాదే మిగిలినదాన్ని వదులుకోవడం ఎందుకు? ఈ ఏడాది అండర్-14లో కెప్టెన్‌గా జోన్ దాటి జిల్లా సెలెక్షన్‌కి వెళ్తే, అక్కడ సెలెక్టర్లు ఆమెను నలభై నిమిషాలూ చూస్తారు. అండర్-17లో బెంచ్ మీద ఉంటే జిల్లాకి జట్టు వెళ్లినా ఈమె ఆట ఎవరి కంటా పడదు.

ఇంకో మాట. పైకి పిలిచినప్పుడు ఎందుకు పిలిచారో కూడా తెలుసుకోవాలి. ఏటా జరిగేదే ఇది: పదో తరగతి పిల్లల్ని తల్లిదండ్రులు దసరా సెలవుల తర్వాత ఆట మాన్పిస్తారు. జట్టులో ఖాళీలు పడతాయి. కోచ్‌కి వేరే దారి ఉండదు, ఎనిమిదో తరగతి వైపు చూస్తాడు. అందులో తప్పు లేదు, జట్టు నడవాలి కదా. కానీ "పాప సిద్ధంగా ఉంది" అని పిలవడానికీ, "మనిషి తక్కువైంది" అని పిలవడానికీ చాలా తేడా ఉంది. మొదటిదైతే సంతోషించండి. రెండోదైతే పిల్లకి ఏం ఒరుగుతుందో లెక్క వేసుకోండి.

ఉప్పల్_నాన్న:
నేను చదువు గురించే అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఈ నెలాఖరుకి ఎఫ్‌ఏ-1 పరీక్షలు. వచ్చే ఏడాది తొమ్మిది, ఆ పైన పది. పొద్దున 5:30కి ప్రాక్టీస్, స్కూలు, సాయంత్రం ట్యూషన్. పిల్ల ఎప్పుడు చదువుకోవాలి, ఎప్పుడు పడుకోవాలి? ఆటతో పొట్ట గడిచేవాళ్లు ఎందరున్నారు మన దగ్గర?

మౌలాలి_రైల్వే:
ఉప్పల్ సార్, పొట్ట గడిచేవాళ్లు ఉన్నారండి. బాస్కెట్‌బాల్‌లో, అందునా అమ్మాయిల్లో, రైల్వేస్ జట్టు ఏళ్ల తరబడి సీనియర్ నేషనల్స్‌ని ఏలుతోంది. ఆ అమ్మాయిలంతా స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లే. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో కూడా క్రీడాకారులకి 2 శాతం రిజర్వేషన్ ఉంది.

రిటైర్డ్_పీఈటీ:
ఉన్న మాటే. కానీ పదమూడేళ్ల పిల్లని కోటా చూపించి ఆడించకండి, దయచేసి. ఆ ఉద్యోగాలు రాష్ట్ర, జాతీయ స్థాయి దాకా వెళ్లినవాళ్లకి. స్కూల్ జట్టులో ఎక్కడ ఆడాలన్న ప్రశ్నకి దాన్ని తీసుకొస్తే పిల్ల మీద మోయలేని బరువు పడుతుంది. చదువు సంగతికొస్తే ఉప్పల్ గారి ఆందోళన న్యాయమైనదే. సీబీఎస్‌ఈ వాళ్లు గుర్తింపు పొందిన జాతీయ, అంతర్జాతీయ పోటీలకి వెళ్లిన పిల్లలకి పది, పన్నెండు బోర్డు పరీక్షలు వేరే తేదీల్లో రాసే వీలు కల్పిస్తున్నారు. జోన్, జిల్లా మ్యాచ్‌లకి అలాంటిది ఆశించకూడదు. అక్కడ క్లాస్ టీచర్ మంచితనమే దిక్కు.

ఫిజియో_తార్నాక:
ఉప్పల్ నాన్నగారు అడిగిన "ఎప్పుడు పడుకోవాలి" అన్నదే ఇక్కడ అన్నిటికంటే పెద్ద ప్రశ్న. నా దగ్గరికి వచ్చే స్కూలు పిల్లల్లో సగం దెబ్బలు నిద్ర తక్కువైన వారాల్లోనే తగులుతున్నాయని నాకు అనిపిస్తుంది. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. 5:30కి కోర్టులో ఉండాలంటే 4:30కి లేవాలి. అంటే రాత్రి 8:30కి పడుకోవాలి. మన ఇళ్లల్లో ట్యూషన్ అయి అన్నం తినేసరికే తొమ్మిది. వారంలో ఆరు రోజులు ఇలా అంటే నేను వద్దనే చెప్తాను, ఏ వయసు జట్టైనా సరే.

ఇక దెబ్బల సంగతి. మోకాలి లోపల ఏసీఎల్ అనే లిగమెంట్ ఉంటుంది. బాస్కెట్‌బాల్‌లో అది తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకి ఎక్కువ. చాలాసార్లు ఎవరూ గుద్దకుండానే, ఎగిరి కిందికి దిగేటప్పుడో, పరుగులో ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడో తెగుతుంది. మీ పాపని ఒక మెట్టు మీద నుంచి రెండు కాళ్లతో దూకించి ఎదురుగా నిలబడి చూడండి. దిగేటప్పుడు మోకాళ్లు రెండూ ఒకదాని వైపు ఒకటి వంగుతుంటే, ముందు అది సరిచేయాలి. తుంటి కండరాలకి, తొడ వెనక కండరాలకి బలం పెంచే వ్యాయామాలు, సరిగ్గా దిగడం నేర్పే వార్మప్ చేయిస్తే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఇవి 15 నిమిషాల పని. చాలా స్కూళ్లలో రెండు రౌండ్లు పరిగెత్తించి వదిలేస్తారు.

మన ఊళ్లో స్కూల్ కోర్టులు ఎక్కువగా సిమెంటువి. వుడెన్ ఫ్లోర్ మీద ఎగిరినట్టు వాటి మీద రోజూ ఎగిరితే, ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి పెడుతుంది. నొప్పి ఉందని పిల్లలు చెప్పరు, జట్టులోంచి తీసేస్తారని భయం. మెట్లు దిగేటప్పుడు మొహం చూడండి, తెలిసిపోతుంది.

ఇంకొకటి, దీన్ని ఎవరూ అడగరు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. "పిల్లకి స్టామినా లేదు" అని కోచ్ అంటే, ఇనుము తక్కువై ఉండొచ్చు.

పదో_తరగతి_7నంబర్:
ఆంటీ, నేను ఎనిమిదిలో ఉన్నప్పుడే అండర్-17కి వెళ్లాను. వేరే స్కూల్. ఎలా ఉంటుందో చెప్తాను.

మొదటి రోజు ప్రాక్టీస్‌లో ఒక అక్క చెస్ట్ పాస్ వేసింది. నా చేతులు వెనక్కి వెళ్లి బాల్ గదవకి తగిలింది. అండర్-14లో పాస్ అంటే మెల్లగా వస్తుంది, ఇక్కడ రెప్పవేసేలోపు వచ్చేస్తుంది. తర్వాత ఫుల్ కోర్ట్ ప్రెస్, అంటే కోర్టంతా వెంటపడి అడ్డుకోవడం. మా చిన్న జట్టులో ఎవరూ ప్రెస్ చేసేవాళ్లు కాదు, బాల్ తీసుకుని హాయిగా సగం గీత దాకా నడుచుకుంటూ వెళ్లేదాన్ని. ఇక్కడ బాల్ అందుకోగానే ఇద్దరు మీదికి వచ్చేస్తారు, సైడ్‌లైన్ మూలకి నెట్టేస్తారు. 8 సెకన్లలో సగం గీత దాటాలి. వాళ్ల చేతులు తప్ప ఏమీ కనిపించదు. నేను బాల్ పట్టుకుని వీపు తిప్పేసేదాన్ని, సార్ అరిచేవారు. ఒక అక్క నేర్పించింది: ఇద్దరూ దగ్గరికి రాకముందే ఒక్క అడుగు వెనక్కి డ్రిబుల్ చేయి, వాళ్ల మధ్య సందు కనిపిస్తుంది, నీ వెనక మనిషి ఒకరు ఖాళీగా ఉంటారు, అటు వేసెయ్. అది వచ్చాక ఆటే మారిపోయింది. ఇప్పుడు నా వయసు వాళ్లతో ఆడితే అంతా నెమ్మదిగా కనిపిస్తుంది.

కానీ ఆ ఏడాది మ్యాచ్‌లలో దాదాపు ఆడలేదు. నా ఫ్రెండ్స్ అండర్-14లో జోన్ ఫైనల్ ఆడుతుంటే నేను గ్యాలరీలో కూర్చుని చూశాను. బస్సులో సీనియర్ అక్కలు వాళ్ల మాటలు వాళ్లు మాట్లాడుకునేవాళ్లు, ఎవరి పక్కన కూర్చోవాలో తెలిసేది కాదు. ప్రాక్టీస్ వల్ల చాలా నేర్చుకున్నాను, అది మాత్రం నిజం. ఆ ఫైనల్ ఆడలేకపోయానని ఇప్పటికీ బాధగా ఉంటుంది, అదీ నిజమే.

పాత_పాయింట్‌గార్డ్:
తల్లీ, చాలా విలువైన మాట చెప్పావు. నువ్వు నేర్చుకున్నదంతా ప్రాక్టీస్‌లో, పోగొట్టుకున్నదంతా మ్యాచ్‌లలో. మేడమ్, దీంట్లోనే మీకు దారి ఉంది. పేరు అండర్-14లోనే ఉంచి, వారంలో రెండు రోజులు సీనియర్లతో ప్రాక్టీస్ చేయనిస్తారా అని కోచ్‌ని అడగండి. ప్రెస్ ఎలా ఛేదించాలో అక్కడ నేర్చుకుంటుంది, కెప్టెన్‌గా మ్యాచ్‌లు ఇక్కడ ఆడుతుంది.

లాలాపేట్_స్పోర్ట్స్:
మైకేల్ జోర్డాన్‌ని స్కూల్ టీమ్ నుంచి తీసేశారని అందరూ చెప్తారు కదా, అది సరిగ్గా అలా కాదు. లేనీ హైస్కూల్లో పదో తరగతిలో ఉండగా పెద్ద జట్టు వార్సిటీకి ఎంపిక కాలేదు. ఎత్తు ఎక్కువున్న క్లాస్‌మేట్‌ని తీసుకున్నారు. జోర్డాన్‌ని జూనియర్ వార్సిటీలో ఆడించారు, అక్కడ కావలసినంత సేపు బాల్ చేతిలో పెట్టుకుని ఆడాడు. బాధపడ్డాడు, ఏడ్చాడు కూడా. కానీ కింది జట్టులో ఆడిన ఆ ఏడాది వృథా పోలేదు. రిటైర్డ్ సార్ చెప్పిన దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

గల్లీ_బాలర్:
అయినా అన్నా, పెద్ద జట్టు పిలిచినప్పుడు వద్దంటే కోచ్‌కి కోపం రాదా? తర్వాతి ఏడాది పక్కన పెట్టేస్తే?

రిటైర్డ్_పీఈటీ:
మంచి ప్రశ్న బాబూ. ట్రయల్స్ అన్నీ అయ్యి లిస్ట్ బోర్డు మీద పెట్టాక వద్దంటే ఏ కోచ్‌కైనా చిరాకే. ఆ లిస్ట్ కోసం ఇంకో పిల్లని ఇంటికి పంపించి ఉంటాడు. అందుకే ముందే చెప్పాలి. "సార్, ట్రయల్స్‌కి వస్తుంది. తన ఆట ఎక్కడుందో మీరు చూసి చెప్పండి. కానీ ఈ ఏడాది అండర్-14లో ఆడాలని తనకి ఉంది" అని శుక్రవారం లోపు చెప్పండి. ముందే చెప్పిన పిల్లని నేను ఒక్కసారి కూడా పక్కన పెట్టలేదు. ఇంకా నమ్మకం పెరిగేది. ఆ మాట కూడా తల్లిదండ్రుల కంటే పిల్ల నోటి నుంచి వస్తే మంచిది. కెప్టెన్ కావాల్సిన అమ్మాయి కదా.

హబ్సిగూడ_అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి 7 నంబర్ పాప రాసింది మా అమ్మాయికి చదివి వినిపించాను. వింటూ వింటూ ఒక్కసారిగా నోరు విప్పింది. పోయిన ఏడాది జోన్ సెమీస్‌లో తమని ఓడించిన జట్టుని ఈసారి తన ఫ్రెండ్స్‌తో కలిసి ఓడించాలట. ఆ కోరిక ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు. సార్ పిలిచారు, కాదంటే బాగోదని "నీ ఇష్టం" అందట. కానీ ట్రయల్స్‌కి మాత్రం వెళ్తానంది, పెద్ద అక్కల ముందు తను ఎంతవరకు నిలబడగలదో చూసుకోవాలని. నాకు ఒక్కసారి గుండె తేలికపడింది.

ఇవాళ స్కూలుకి వెళ్లి సార్‌ని కలిశాను. రిటైర్డ్ సార్ ఊహించినట్టే పదో తరగతి అమ్మాయిలు ఇద్దరు దసరా తర్వాత మానేస్తారట. మా పాప ప్రస్తుతానికి మూడో గార్డ్ అని దాపరికం లేకుండా చెప్పారు. అండర్-14లోనే ఉంచి మంగళ, గురువారాలు సాయంత్రం సీనియర్లతో ఆడిస్తారా అని అడిగితే, "ట్రయల్స్ చూసి చెప్తాను మేడమ్, కానీ ఆలోచన బాగుంది" అన్నారు. తన మాట పాపే రేపు చెప్తుంది. ఏం చెప్పాలో అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేస్తోంది.

ఉప్పల్_నాన్న:
సాయంత్రం అయితే నాకూ నచ్చింది. ఆ రెండు రోజులు ట్యూషన్ మార్చుకోవచ్చు. ప్రయాణం కూడా సులువే, హబ్సిగూడ నుంచి సికింద్రాబాద్ ఈస్ట్‌కి మెట్రోలో మూడో స్టేషన్. సిటీ బస్సు అయితే మహాలక్ష్మి పథకంలో అమ్మాయిలకి ఉచితం, ఆధార్ దగ్గర పెట్టుకోమనండి.

పాత_పాయింట్‌గార్డ్:
చాలా సంతోషం మేడమ్. శనివారం కోసం పాపకి నాలుగు మాటలు. ట్రయల్స్‌లో పిల్లలందరూ దూరం నుంచి త్రీ వేసి చూపించాలని చూస్తారు. కోచ్ చూసేది అది కాదు. బాల్ పోగానే ఎవరు మొదట వెనక్కి పరిగెత్తారు, డిఫెన్స్‌లో ఎవరు నోరు తెరిచి "స్క్రీన్ లెఫ్ట్" (ఎడమవైపు అడ్డంగా మనిషి ఉంది) అని అరిచారు, షాట్ పడుతుందో లేదో అని చూస్తూ నిలబడకుండా ఎవరు తన మనిషికి వీపు అడ్డం పెట్టి రీబౌండ్‌కి చోటు చేసుకున్నారు, ఇవే చూస్తాడు. పొట్టి గార్డ్‌కి లేఅప్ (పరిగెత్తుకొచ్చి రింగ్ దగ్గర నుంచి వేసే షాట్) ఎడమ చేత్తో కూడా రావాలి, పెద్దవాళ్ల చేతులకి అందకుండా రింగ్ అవతలి వైపు నుంచి వేయడం తెలియాలి. పరుగులోంచి రెండు కాళ్ల మీద ఒకేసారి ఆగడం ఇవాళ్టి నుంచే మేడ మీద చేయమనండి. ఆగడం వచ్చిన గార్డ్‌కి ట్రావెలింగ్ (బాల్ పట్టుకుని ఎక్కువ అడుగులు వేసిన తప్పు) పడదు. తప్పు జరిగితే తల దించుకోవద్దు, తర్వాతి డిఫెన్స్‌కి పరిగెత్తాలి.

పదో_తరగతి_7నంబర్:
ప్రెస్ వస్తే ఒక్క అడుగు వెనక్కి, మర్చిపోవద్దని చెప్పండి ఆంటీ. ఆల్ ది బెస్ట్ చెల్లీ. ఆ సెమీస్ జట్టుని తప్పకుండా ఓడించాలి!

హబ్సిగూడ_అమ్మ:
చెప్పానమ్మా, నీ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది. చివరిగా రెండు సందేహాలు. రెండు రోజులుగా ముసురు పట్టింది. కోర్టు సిమెంటుది, పైన కప్పు లేదు. శనివారం వాన పడితే ఆడించవచ్చా? ఇంకా సర్టిఫికెట్లు ఏమైనా తీసుకెళ్లాలా?

ఫిజియో_తార్నాక:
తడి సిమెంటు మీద వద్దే వద్దు. చిరుజల్లే కదా అని కూడా ఒప్పుకోకండి, చీలమండ మెలిపడేది సరిగ్గా అలాంటప్పుడే. వాయిదా వేయమని అడగండి, లేదా ఇండోర్ కోర్టుకి మార్చమనండి. షూస్ అడుగు అరిగి నున్నగా అయిపోయి ఉంటే ఈలోపే మార్చేయండి. కొత్తవైతే ఆ రోజే మొదటిసారి వేయకుండా ముందు రెండు రోజులు ఇంట్లో తొడిగించండి.

రిటైర్డ్_పీఈటీ:
స్కూల్ ట్రయల్స్‌కి ఏ కాగితమూ అక్కర్లేదమ్మా. జోన్ ఎంట్రీ ఫారం నింపేటప్పుడు జీహెచ్‌ఎంసీ బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ బోనఫైడ్ అడుగుతారు. మూడింట్లోనూ పుట్టిన తేదీ, పేరులోని అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే సరిచూసుకోండి. తేడా ఉంటే వెంటనే స్కూల్ ఆఫీసులో అడగండి, దిద్దించడానికి టైమ్ పడుతుంది.